మీకు తెలుసా? పొట్టి వరి ఒక రేఖను జరిపింది!

ఉన్న భూమి, శ్రామికులు, యంత్రాలు, పరిజ్ఞానం అన్నింటినీ పూర్తిగా వాడితే ఒక దేశం ఎంత ధాన్యం, ఎంత బట్ట తయారు చేయగలదో చూపేదే ఉత్పత్తి అవకాశాల రేఖ. వనరులు పెరిగినా, సాంకేతికత మెరుగైనా అది బయటికి జరుగుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో జరిగింది మొదటిది: వాన మీద ఆధారపడ్డ చేలకు కాలువ నీరొచ్చింది.

1966లో ఫిలిప్పీన్స్‌లో విడుదలైన ఐఆర్ 8 వరి కథ రెండోది. పాత పొడుగు రకాలకు ఎరువు దండిగా వేస్తే ఏపుగా పెరిగి, కంకుల బరువుకు చేను పడిపోయేది. ఈ పొట్టి రకం నిలబడి గింజ కట్టింది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపి ‘మిస్టర్ ఐఆర్ 8’ అనిపించుకున్నారు.

అసలు తమాషా ఇక్కడుంది. వరి విత్తనం మెరుగైతే రేఖలో ధాన్యం వైపు కొసే సాగుతుంది, బట్ట వైపు కొస కదలదు. అయినా బట్ట కూడా పెరగొచ్చు! అంతే ధాన్యానికి తక్కువ ఎకరాలు చాలు కనుక మిగతా నేల పత్తికి దొరుకుతుంది.

వనరులు నాశనమైతే రేఖ లోపలికీ జరుగుతుంది. 1977 నవంబరు ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలను, పశువులను మింగి, పొలాలను ఉప్పునీటితో ముంచింది.

నిరుద్యోగం మాత్రం రేఖను కదపదు. చేతులు ఖాళీగా ఉంటే ఆర్థిక వ్యవస్థ రేఖకు లోపలే ఎక్కడో ఆగిపోయిందని అర్థం.