ల్యాండ్‌లైన్ మోగగానే నెట్ పోతోందా? కొత్త మోడెమ్ కొనే ముందు ఇవి చెక్ చేయండి

ఆఫీస్ మీటింగ్ నడుస్తుంటుంది. లేదంటే పిల్లల ఆన్‌లైన్ పరీక్ష సగంలో ఉంటుంది. ఇంతలో హాల్లో ల్యాండ్‌లైన్ మోగుతుంది. అంతే, నెట్ కట్! కాసేపటికి అదే మళ్లీ వస్తుంది. రాగి తీగల లైన్‌పై డీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వాడే ఇళ్లలో ఇది పాత తలనొప్పే. మోడెమ్ పోయిందనుకుని చాలామంది కొత్తది కొనేస్తుంటారు. కానీ చాలాసార్లు తప్పు మోడెమ్‌ది కాదు, గోడ దగ్గరుండే చిన్న డబ్బాది. దాని పేరే స్ప్లిటర్.

అసలు ఎందుకిలా?

ఒకే జత తీగల మీద మాట, డేటా రెండూ వెళ్తాయి. మాటలు 4 కిలోహెర్ట్జ్ లోపు ఉంటే, ఇంటర్నెట్ సిగ్నల్ సుమారు 25 కిలోహెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. ఈ రెండూ కలవకుండా విడదీసేదే స్ప్లిటర్. అది పాడైతే ఫోన్ మోగినా, రిసీవర్ ఎత్తినా డేటా సిగ్నల్ దెబ్బతింటుంది. మోడెమ్‌కు ఎక్స్ఛేంజ్‌తో లింక్ తెగి, మళ్లీ మొదటి నుంచి కనెక్ట్ అవ్వాల్సి వస్తుంది.

ఇంట్లోనే ఇలా చెక్ చేయండి

1. ఫోన్ మోగినప్పుడు మోడెమ్‌పై డీఎస్ఎల్ లైట్ చూడండి. అది ఆరిపోయినా, మిణుకుమిణుకుమన్నా సమస్య లైన్‌లోనే.

2. స్ప్లిటర్‌లో వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. గోడ నుంచి వచ్చే వైరు 'లైన్' అని ఉన్నచోట, ఫోన్ 'ఫోన్' దగ్గర, మోడెమ్ 'మోడెమ్' దగ్గర ఉండాలి.

3. బెడ్‌రూమ్‌లో, పై అంతస్తులో ఎక్స్‌టెన్షన్ ఫోన్లు ఉన్నాయా? స్ప్లిటర్‌కు ముందే లైన్ చీల్చి ఇస్తే ప్రతి ఫోన్‌కూ విడిగా ఫిల్టర్ పెట్టాలి. ఒక్కదానికి లేకపోయినా నెట్ ఊగిసలాడుతుంది.

4. ఫోన్లన్నీ తీసేసి మోడెమ్‌ను నేరుగా లైన్‌కు కలపండి. ఇప్పుడు మొబైల్ నుంచి ల్యాండ్‌లైన్‌కు కాల్ చేయండి. నెట్ నిలబడితే తప్పు ఫోన్‌ది లేదా స్ప్లిటర్‌ది. ముందు స్ప్లిటర్ మార్చి చూడండి. అలా కలిపినా నెట్ పోతే తప్పు లైన్‌లో లేదా మోడెమ్‌లో ఉన్నట్టు.

5. మోడెమ్ తీసేసి ఫోన్ ఒక్కటే పెట్టి వినండి. గరగరా శబ్దం వస్తే బయటి లైన్‌పై అనుమానపడాలి. వానలకు తడిసిన జాయింట్లు, తుప్పు పట్టిన కనెక్షన్లు ఇలాగే చేస్తాయి. అది లైన్‌మన్ పని, కంప్లయింట్ ఇవ్వండి. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు మాత్రం ఈ వైర్లు ముట్టుకోవద్దు.

డీఎస్ఎల్ లైట్ వెలుగుతూనే ఉన్నా వైఫై పోతోందా?

అయితే కార్డ్‌లెస్ ఫోన్‌ను అనుమానించండి. 2.4 గిగాహెర్ట్జ్‌పై పనిచేసే కార్డ్‌లెస్‌లు వైఫైకి అడ్డొస్తాయి. దాని బేస్‌ను మోడెమ్‌కు దూరంగా పెట్టండి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారండి.

ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లకు ఈ స్ప్లిటర్ గొడవ ఉండదు. అక్కడ ఫోన్ మాటలు కూడా డేటాగానే వెళ్తాయి.