గృహమునకు కారు: నెక్సానా, బ్రెజాయా?

కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో స్త్రీలు పుట్టింటికి సవారి కచ్చరము కట్టించుకొని పోయిన దినములు మన అమ్మమ్మలు చెప్పగా విన్నవే. ఆ బండికి ఎద్దులను ఎంచునప్పుడు ఇంటి ఆడువారిని ఎవరును అడిగినవారు కారు. నేడు కచ్చరము పోయి కారు వచ్చినది గాని, అడుగకుండుట మాత్రము అనేక గృహములలో ఇంకను పోలేదు. పది లక్షల రూపాయల వస్తువు ఇంటికి వచ్చునప్పుడు గృహిణి వంతు రంగు చెప్పుటతోనే ముగియుచున్నది. ఆ పది లక్షలలో ఆమె నగలను కుదువబెట్టిన సొమ్మును ఉండవచ్చును. ఆమె నెలనెలకు మిగిల్చిన రూకలును ఉండవచ్చును. వెనుక సీటున కూర్చుండువారు ఆమె బిడ్డలే. కావున ఈ సంగతి సోదరీమణులు స్వయముగా తెలిసికొని మాటాడవలెనని మా కోరిక.

మన వైపు మధ్యతరగతి కుటుంబములలో బేరము తరచుగా రెండు బండ్ల నడుమ నిలుచును. ఒకటి టాటావారి నెక్సాను, రెండవది మారుతీవారి బ్రెజా. బ్రెజా 2016లో విటారా బ్రెజా అను పేరుతో వెలువడి, 2022లో క్రొత్త రూపమున బ్రెజాగా మారినది. నెక్సాను 2017లో పుట్టి, 2023లో మెరుగులు దిద్దుకొన్నది. రెండింటి పొడవును 3,995 మిల్లీమీటర్లే. ఈ సామ్యము కాకతాళీయము కాదు. నాలుగు మీటర్లకు లోబడిన చిన్న ఇంజను బండ్లకు 2006 నుండియు పన్ను తగ్గింపు కలదు. అందుచేతనే కంపెనీలు ఆ గీతకు అయిదు మిల్లీమీటర్లు ఇవతల ఆగినవి.

అయినను పన్నులో రెండును సమానములు కావు. పెట్రోలు ఇంజను 1,200 ఘన సెంటీమీటర్లకును, డీజిలు ఇంజను 1,500కును లోబడి, పొడవు నాలుగు మీటర్లు మించకున్నచో ఆ బండి చిన్న కారని లెక్క. 2025 సెప్టెంబరు 22 నుండి అట్టివానికి జి.ఎస్.టి. నూటికి 18, తక్కినవానికి 40. నెక్సాను పెట్రోలు ఇంజను 1,199, డీజిలు ఇంజను 1,497. రెండును చిన్న కారు పన్నుకే వచ్చును. బ్రెజా పెట్రోలు ఇంజను 1,462 గనుక పొడవు చాలినను పెద్ద పన్ను తప్పదు. ధరల పట్టికను చూచి ఒకటి చవుక, ఒకటి ప్రియము అనుకొనుటకు ముందు ఈ మర్మము ఎరుగుట మంచిది. మన రాష్ట్రమున బండి ధర పది లక్షలు దాటినచో జీవితకాలపు పన్ను శాతము కూడ హెచ్చును. పది లక్షల అంచున ఉన్న రకమును ఎంచువారు రోడ్డుపైకి వచ్చునప్పటి మొత్తము ధర వ్రాయించుకొనియే నిర్ణయించుకొనవలెను.

ఇక రక్షణ విషయము. 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ జరిపిన ఢీ పరీక్షలో అయిదు నక్షత్రములు పొందిన మొదటి భారతీయ కారు నెక్సాను. 2024లో మరింత కఠినమైన పరీక్షలో సైతము పెద్దల రక్షణకును, పిల్లల రక్షణకును అయిదేసి నక్షత్రములు పొందినది. విటారా బ్రెజాకు 2018లో నాలుగు నక్షత్రములు లభించినవి. అది పాత రూపమునకు జరిగిన పరీక్ష. నేటి బ్రెజాకు దానిని అన్వయింపరాదు. 2023 అక్టోబరు నుండి మన దేశముననే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుచున్నవి. మీరు కొనదలచిన రకమునకు ఆ పరీక్ష జరిగినదా, పిల్లల రక్షణకు ఎన్ని నక్షత్రములు వచ్చినవి అని విక్రేతను తప్పక అడుగుడు.

నక్షత్రములు ఎన్ని ఉన్నను పెట్టుకొనని బెల్టు ప్రాణము కాపాడదు. పారిశ్రామికుడు సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరులో మరణించినది వెనుక సీటున బెల్టు లేక కూర్చున్న ప్రయాణముననే. చీర నలుగునని బెల్టు మానువారును, పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ముందు సీటున కూర్చుండువారును మనలో కలరు. ఢీకొన్న క్షణమున తల్లి చేతులు బిడ్డను ఆపజాలవు. బిడ్డకు వేరుగా పిల్లల సీటు కొనుట నగిషీ సామానులకన్న ముందు జరుగవలసిన పని.

మరియొక మాట. ఈ రెండును అయిదుగురి బండ్లు. జాతరకనియు పెండ్లికనియు ఎనమండుగురిని కుదించి ఎక్కించుట మన అలవాటు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటుపై మితిమీరిన జనముతో దిగుచున్న బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిరి. బరువు పెరిగిన కొలది వాలులో బండి ఆగుట కష్టమగునని ఆ దుర్ఘటన మన సీమకంతకును తెలిపినది.

దారులను బట్టి బండిని ఎంచవలెను. నిర్మల్ దాటి మహబూబు ఘాటు ఎక్కువారికిని, ఆసిఫాబాదు నుండి కెరమెరి ఘాటు మీదుగా ఉట్నూరు పోవువారికిని, పుష్య మాసమున కేస్లాపూరు నాగోబా జాతరకు వెళ్లువారికిని ఎత్తులో లాగు శక్తి వలయును. నెక్సాను పెట్రోలు ఇంజను మూడు సిలిండర్లది. టర్బో సాయమున 120 అశ్వశక్తి నిచ్చును. డీజిలు ఇంజను నిండు సామానుతో ఎత్తు ఎక్కుటలో ఇంకను సుఖము. బ్రెజా ఇంజను నాలుగు సిలిండర్లది, టర్బో లేదు, శక్తి 103. ఇది మెత్తగా, చప్పుడు తక్కువగా నడచును; నిండు బండితో ఘాటు ఎక్కునప్పుడు మాత్రము గేరు తగ్గించి ఓపికతో ఎక్కవలెను. నేల నుండి ఎత్తు నెక్సానుకు 208 మిల్లీమీటర్లు. బ్రెజా దానికి కొంచెము తక్కువ. వానకాలపు గుంతల దారులకు రెండును చాలును. సామాను పెట్టె నెక్సానుకు 382 లీటర్లు, బ్రెజాకు 328.

కరీంనగరు పట్టణములోనే బడికి, అంగడికి, బ్యాంకుకు తిరుగువారికి డీజిలు తగదు. దాని పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ యొకటి ఉండును. దూర ప్రయాణపు వేడికి గాని ఆ మసి కాలిపోదు; దినమునకు రెండు మూడు కిలోమీటర్లు తిరుగు బండిలో అది నిండి ఖర్చు తెచ్చును. అట్టివారికి బ్రెజా పెట్రోలు అనుకూలము. క్లచ్చు త్రొక్కు పని లేని ఆటోమేటిక్ గేర్లు క్రొత్తగా నేర్చు స్త్రీలకు ఎంతో సుళువు. బ్రెజాలో అవి కుదుపు లేక మారును. నెక్సానులో ఏ.ఎమ్.టి., డి.సి.ఏ. అని రెండు విధములు కలవు. మొదటిది చవుక, గేరు మారునప్పుడు చిన్న కుదుపుండును. రెండవది నునుపు, ధర హెచ్చు. మారుతీవారి మరమ్మతు శాలలు దేశమంతట విరివిగా ఉండుట బ్రెజాకు పెద్ద బలము. ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపువారు తమ ఊరికి దగ్గరి శాల ఎంత దూరమో ముందే విచారించుకొనవలెను.

ఇంధనపు లెక్క కాగితముపై వేసి చూడుడు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగు బండి లీటరుకు 15 కిలోమీటర్లిచ్చినచో 800 లీటర్లు కావలెను. 18 ఇచ్చినచో 667 చాలును. లీటరు నూరు రూపాయలన్నను తేడా ఏటికి 13,300 రూపాయలు. దినమున కొంచెమే తిరుగు ఇంటికి ఈ తేడా స్వల్పము. దానికై ఎక్కువ ధర పెట్టుట దండుగ.

అప్పు లెక్క ఇంకను ముఖ్యము. ఎనిమిది లక్షలు నూటికి తొమ్మిది వడ్డీకి తెచ్చినచో, అయిదేండ్ల వాయిదా నెలకు సుమారు 16,600. ఏడేండ్లకైనచో సుమారు 12,900. రెండవది తేలికగా తోచును గాని, మొత్తముమీద దాదాపు 85,000 రూపాయలు అధికముగా వడ్డీ పోవును. అయిదేండ్ల వాయిదా మోయలేని యింటివారు చిన్న రకమును కొనుట మేలు; నగలు కుదువబెట్టి పై రకమునకు పోవుట మేలు కాదు. విక్రేత చెప్పిన చోటనే బీమా చేయవలెనను నిర్బంధము లేదు. బయట ధర అడిగి పోల్చుకొనుడు.

కొనుటకు ముందు రెండు బండ్లను నడిపి చూడుడు. నున్నని బైపాసు మీదనే గాక మీ వీధిలోనికే తెండు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని ఎక్కించి దింపుడు. చీరతో కూర్చుండి సీటు ఎత్తు సరిచేసికొని ముందు దారి కనబడునో లేదో చూడుడు. ఎండాకాలము మధ్యాహ్నము వెనుక సీటుకు చల్లగాలి చేరుచున్నదా గమనింపుడు.

మా అభిప్రాయము ఇది. ఘాటు దారులు, దూర ప్రయాణములు, చిన్న బిడ్డలు గల ఇంటికి నెక్సాను. పట్టణపు తిరుగుడు, మెత్తని నడక, దగ్గర మరమ్మతు శాల కోరు ఇంటికి బ్రెజా. ఏది కొన్నను దాని తాళములలో ఒకటి గృహిణి చేతిలో నుండవలెను. ఆమె పేర లైసెన్సును ఉండవలెను. అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు నడుపువారి కొరకు ఎదురుచూచుచు వాకిట నిలుచు బండి ఎంత మంచిదైనను ఆ యింటికి సగమే ఉపయోగము.