వెడల్పు పెంచితే పట్టు పెరుగుతుందా?

స్పోర్ట్స్ కారుని ట్రాక్ మీదికి తీసుకెళ్లాలి అనుకోగానే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన: ఇంకా వెడల్పు టైర్లు వేద్దాం. వెడల్పు ఎక్కువైతే పట్టు ఎక్కువ, అంతే కదా? అంత సింపుల్ కాదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అక్కడ అన్ని కార్లకీ హాంకూక్ కంపెనీ ఇచ్చిన ఒకే రకం 18 అంగుళాల టైర్లు. సైజు ఎంచుకునే గొడవే లేదు. ఆ గొడవ ఉండేది ఇద్దరికి: సొంత కారుని చెన్నై ట్రాక్‌కి తీసుకెళ్లేవాళ్లకి, స్టూడెంట్ ఫార్ములా కారు తయారుచేసే మనలాంటి కాలేజీల టీములకి. తప్పు సైజు కొంటే మళ్లీ కొనే డబ్బు ఎక్కువగా ఈ రెండోవాళ్ల దగ్గరే ఉండదు.

ముందు టైరు మీది అంకెలు చదువుదాం. 205/55 ఆర్16 అని ఉందనుకోండి. 205 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం. ఆర్ అంటే రేడియల్. 16 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. ఒకే పేరులో మూడు కొలతలు, మూడు పద్ధతులు!

ఇప్పుడు అసలు ప్రశ్న. ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని ఇంటర్ ఫిజిక్స్‌లో చదివాం. మరి వెడల్పు టైర్లెందుకు? ఎందుకంటే రబ్బరు ఆ సూత్రాన్ని పూర్తిగా పాటించదు. అది మెత్తగా రోడ్డు గరుకులోకి దిగి పట్టుకుంటుంది. బరువు పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది కానీ, అదే నిష్పత్తిలో పెరగదు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఎడమ టైరు మీద 300 కిలోలు, కుడి టైరు మీద 300 కిలోలు, ఘర్షణ గుణకం 1.2. మొత్తం పట్టు 720. మలుపులో బరువు బయటివైపుకి జరిగి 500, 100 అయింది. 500 దగ్గర గుణకం 1.1కి పడింది, 100 దగ్గర 1.3కి పెరిగింది. 550, 130 కలిపితే 680. కారు బరువు మారలేదు, కానీ 40 పోయింది. వెడల్పు టైరు ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. దాని అసలు లాభం ఇదే.

ఇంకో అపోహ: వెడల్పు పెంచితే నేలకి తాకే వైశాల్యం కూడా అంతే పెరుగుతుందని. టైరు మీద పడే బరువుని లోపలి గాలి ఒత్తిడితో భాగిస్తే ఆ వైశాల్యం దాదాపుగా వస్తది. 300 కిలోలు, 2 బార్ అయితే సుమారు 147 చదరపు సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక అరచేయంత. ఒత్తిడి అదే ఉంచి వెడల్పు పెంచితే, ఆ ముద్ర పొడుగు తగ్గి అడ్డంగా సాగుతుంది, అంతే. అయితే పెద్ద టైరు అదే బరువుని తక్కువ ఒత్తిడితో మోయగలదు. ఒత్తిడి తగ్గించినప్పుడే వైశాల్యం నిజంగా పెరుగుతుంది.

మరి వెడల్పుకి హద్దు ఎక్కడ? వేడి దగ్గర. రేసు రబ్బరు వేడెక్కితేనే అంటుకుంటుంది. తేలిక కారుకి మరీ పెద్ద టైరు వేస్తే అది వేడెక్కేలోపే మన ల్యాపులు అయిపోతాయి. మా మెట్‌పల్లి వైపు నాట్లకి ముందు ట్రాక్టర్లకి కేజ్ వీల్స్ బిగిస్తారు. బురదలో వాటికి సాటి లేదు. అవే వీల్స్‌తో తారు రోడ్డు ఎక్కితే రోడ్డు పాడైతది. చక్రం మంచిదా కాదా అన్నది నేల, బరువు, పని మూడూ చూసి చెప్పాలి.

కంపెనీలు కూడా అలాగే చూస్తాయి. పోర్షా 911 జీటీ3కి ఇంజిన్ వెనక ఉంటుంది, బరువు వెనకే ఎక్కువ. అందుకే ఇప్పటి మోడల్‌కి ముందు 255, వెనక 315 వెడల్పు. దాదాపు ఒక టన్ను బరువుండే మాజ్డా ఎంఎక్స్-5కి నాలుగూ ఒకటే, 195 లేదా 205. టొయోటా జీటీ86కి 215 సరిపోయింది. ఆ సైజు టైరునే ప్రియస్ అనే హైబ్రిడ్ కారుకీ వాడారు. తక్కువ వేగంలోనే కారు జారుతూ సరదాగా ఉండాలన్నది వాళ్ల ఉద్దేశం.

ఇక వ్యాసం. 195/55 ఆర్16 బయటి వ్యాసం సుమారు 621 మి.మీ. దాని బదులు 205/50 ఆర్16 వేస్తే 611. ఒకటిన్నర శాతం చిన్నది. గేరింగ్ కొంచెం పొట్టిదై పికప్ బాగుంటది, కానీ స్పీడోమీటర్ అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. రిమ్ పెద్దదైతే బరువు కూడా సాధారణంగా పెరుగుతుంది. ఆ బరువుని తిప్పాలి, ఆపాలి, గతుకుల మీద సస్పెన్షన్ మోయాలి. స్టూడెంట్ ఫార్ములాలో చాలా టీములు 13 అంగుళాల నుంచి 10 అంగుళాల చక్రాలకి దిగడానికి ముఖ్య కారణం ఇదే. చిన్నవైతే తేలిక, మెలికల ట్రాక్‌లో కారు చురుగ్గా తిరుగుతుంది. కాకపోతే బ్రేకు డిస్కు, కాలిపర్ లోపల పట్టాలి. ముందు అది కొలుచుకోవాలి.

అందుకే ఎంచుకునే వరుస ఇలా ఉంటే మేలు. మొదట కారు బరువు, అది ముందు వెనకల మధ్య ఎలా పంచబడిందో చూడాలి. తర్వాత రిమ్ వెడల్పు: 205/55 సైజుకి 5.5 నుంచి 7.5 అంగుళాల రిమ్ కావాలి. మరీ ఇరుకు రిమ్‌కి వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కగోడలు ఊగుతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల ఎక్కడైనా రాసుకుంటుందా చూడాలి. లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్ కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. ముందు టైర్లు మాత్రమే పెంచితే కారు స్వభావమే మారి, మలుపులో వెనక భాగం జారిపోవచ్చని గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ చూశాక కూడా అనుమానంగా ఉంటే కంపెనీ ఇచ్చిన సైజులోనే మెరుగైన రబ్బరు కొనండి. మిగిలిన డబ్బుతో మంచి ప్రెజర్ గేజ్ ఒకటి తీసుకుని, ట్రాక్ దిగగానే టైర్లు వేడిగా ఉన్నప్పుడే ఒత్తిడి కొలిచి రాసుకోండి. తర్వాతి సైజు ఏది కొనాలో ఆ అంకెలే చెప్తాయి.