కొన్న నత్రజనిలో చేనుకు దక్కేదెంత?

ఎకరం పొలం మీద నిలిచిన గాలిలో 30 వేల టన్నులకు పైగా నత్రజని ఉంటుంది. ఆ పొలం దున్నే రైతు మాత్రం 20 కిలోల నత్రజని కోసం ఎరువుల కొట్టు ముందు వరుసలో నిలబడతాడు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది అంతే. నూటికి 46 పాళ్ల లెక్కన 20 కిలోల పైచిలుకు.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. రంగు లేదు, వాసన లేదు, దేనితోనూ తొందరగా కలవదు. పశువైద్యశాలలో ఎద్దు వీర్యం నిల్వ చేసే క్యానులో పోసేది కూడా దీన్నే. సున్నాకు 196 డిగ్రీల దిగువన ద్రవంగా మారుతుంది. గాలిలో నత్రజని పరమాణువులు రెండేసి చొప్పున గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. ఆ ముడి విప్పడం వరి మొక్క వల్ల కాదు. మెరుపులకు కొంత విడివడి వానతో నేలకు దిగుతుంది గాని, అది పంటకు ఏ మూలకూ చాలదు.

1909లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హాబర్ విపరీతమైన వేడి, ఒత్తిడి మధ్య ఆ ముడి విప్పి, నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా తీశాడు. 1913లో అక్కడే ఫ్యాక్టరీ లేచింది. నేటి యూరియా అంతా ఆ దారిన వచ్చిందే. గాలి ఊరికే దొరికినా ఉదజనికీ వేడికీ గ్యాసో బొగ్గో కావాలి. బొగ్గుతో యూరియా తీసిన రామగుండం పాత కర్మాగారం 1999లో మూతపడగా, గ్యాసుతో నడిచే కొత్తది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. రైతు చెల్లించే ధర అసలు ఖర్చులో కొంత భాగమే. మిగతాది సబ్సిడీ.

ఇంత తిప్పలుపడి తెచ్చిన బస్తా మడిలో ఏమవుతోంది? నీరు నిలిచిన వరిలో చల్లిన యూరియాలో పైరుకు అందేది చాలాచోట్ల సగానికి లోపే. రెండు మూడు రోజుల్లో అది అమ్మోనియాగా మారుతుంది. ఎండ కాస్తే నీటి మీద నుంచి గాలిలోకి లేచిపోతుంది. మడి ఒకసారి ఆరి మళ్లీ తడిస్తే, నైట్రేటుగా మారిన భాగాన్ని నేలలోని సూక్ష్మజీవులు తిరిగి వాయువు చేసి వదిలేస్తాయి. గట్టుకు గండి పడితే ఇక చెప్పనక్కర్లేదు, మురుగు కాల్వ పాలే.

పక్క చేను నల్లగా ఉంది, మనదేమో పచ్చగా వెలవెలబోతోందని మరో బస్తా వేసేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ నలుపు చూసి మురిసేలోపు సుడిదోమ దిగుతుంది. మోతాదు మించిన నత్రజనితో ఆకు మెత్తబడి అగ్గితెగులు, పాముపొడ తెగులు సులువుగా పట్టుకుంటాయి. గాలివానకు పైరు పడిపోతుంది. బస్తా ఖర్చుకు మందుల ఖర్చు తోడవుతుంది.

నష్టం తగ్గించడానికే 2015లో కేంద్రం యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేసింది. వేప, నైట్రేటుగా మారడాన్ని నిదానింపజేస్తుంది. అంతకు ముందు నుంచే వ్యవసాయాధికారులు చెబుతున్న పద్ధతి మరొకటి ఉంది: 50 కిలోల యూరియాకు 250 కిలోల తేమ మట్టి కలిపి రెండు రోజులు నీడన ఉంచి చల్లడం. మడిలో నీరు బాగా తగ్గించి చల్లి, ఒకటి రెండు రోజులాగి మళ్లీ నీరు పెట్టాలి. మొత్తం ఒకేసారి గుమ్మరించకుండా దమ్ములో, పిలకల దశలో, చిరుపొట్ట దశలో మూడు దఫాలుగా వేయాలి.

ఫ్యాక్టరీ చేసే పనిని చప్పుడు లేకుండా చేసే మొక్కలూ ఉన్నాయి. జీలుగ, జనుము, పిల్లిపెసర వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉండాలి. అలా ఉంటే పని జరుగుతున్నట్టు. జీలుగను 45, 50 రోజులకు పూత దశలో కలియదున్నితే ఎకరాకు ఒక యూరియా బస్తాకు తగ్గని నత్రజని నేలకు చేరుతుంది. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందు మాగాణిలో చల్లే మినుముకూ ఈ గుణం ఉంది. అయితే మొక్కను వేళ్లతో సహా పీకి కళ్లానికి చేరిస్తే ఆ లాభం పొలం దాటిపోతుంది. కొడవలితో కోస్తే వేళ్లు నేలలోనే మిగులుతాయి.

తెల్లవారుజామున పశువుల కొట్టంలో ముక్కును గుచ్చే ఘాటు కూడా నత్రజనిదే. పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం మూత్రంలో ఉంటుంది. కొట్టంలో మట్టి, చెత్తగడ్డి పరిచి, తడిసినదాన్ని గోతిలోకి ఎత్తిపోసే పాత అలవాటు అందుకే మేలైనది. ఎండలో పరిచిన పెంట పైకి ఎరువులా కనిపించినా సత్తువ చాలావరకు ఎగిరిపోయి ఉంటుంది.

పైరు తీసుకోని నైట్రేటు కొంత భూమిలోకి దిగి బావుల్లో, బోర్లలో చేరుతుంది. పెంటకుప్పల నుంచి, మరుగుదొడ్ల గోతుల నుంచి ఊరేది దీనికి అదనం. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రమాణం. మించితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. నీళ్లు కాచినా నైట్రేటు పోదు సరికదా, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది. పాలపొడి కలిపి పట్టే ఇళ్లవారు ఈ విషయం ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. చూపుకు, రుచికి తేడా తెలియదు గనుక, పొలాల మధ్య బోరు నీరు తాగేవారు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవచ్చు.