అమెరికా నల్లజాతి గర్భిణులు – యోగాభ్యాసం

'దోహదం' అనే మాటను మనం సభలలోను, పత్రికలలోను, పరీక్షా పత్రాలలోను నిత్యం వాడుతూనే ఉన్నాము. వానలు పంటకు దోహదం చేసినవంటాము. చందాలు పాఠశాల అభివృద్ధికి దోహదం చేసినవంటాము. తోడ్పాటు అనే అర్థం తప్ప మరొకటి మనకు తోచదు. కాని ఆ మాట పుట్టినది గర్భిణి కోరికలో. నాలుగవ మాసంలో గర్భస్థ శిశువు హృదయం వ్యక్తమవుతుందనీ, అప్పటి నుండి తల్లి రెండు హృదయాలు కలది గనుక 'దౌహృదిని' అనబడుతుందనీ, ఆమె కోరినది కాదనరాదనీ సుశ్రుతసంహిత శారీరస్థానంలో ఉన్నది. రఘువంశం తృతీయ సర్గలో దిలీప మహారాజు, సుదక్షిణ సిగ్గుచేత నోరు విప్పదని ఎరిగి, ఆమెకు ఏమి కావలెనో చెలికత్తెలను మాటిమాటికి అడుగుతాడు. చూలాలి మాట వినుటను కూడ పూర్వులు వైద్యంలో ఒక భాగంగా చేర్చినారన్నమాట.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని నల్లజాతి గర్భిణుల స్థితిని గురించి ఈమధ్య చదువుతూ ఉండగా ఈ పాత మాట నాకు పదేపదే జ్ఞప్తికి వచ్చినది. గర్భిణులకు తగిన యోగాసనాలను చేతిఫోను తెరమీద నేర్పే 'యాప్'లు అక్కడ వెలసినవి. (ఈ మాటకు తెలుగు ఇంకా కుదురుకోలేదు, కుదిరేవరకు దీనినే వాడుకుందాము.) ఇట్టి సాధనం నల్లజాతి తల్లుల క్షేమానికి ఎంతవరకు పనికివస్తుందన్నది ఇప్పటి ప్రశ్న. యోగం సముద్రాలు దాటినదని విన్నప్పుడు మనవారు పొంగిపోవడం సహజమే. అయితే అది ఏ గడప దాటి లోపలికి పోతున్నదో, ఆ ఇంటి కష్టమేమిటో తెలుసుకొనకుండా పొంగడం వల్ల ఆ ఇంటివారికి ఒరిగేది లేదు.

ముందు లెక్కలు చూద్దాము. 2023వ సంవత్సరంలో ఆ దేశంలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు సగటున 18.6. తెల్లజాతి స్త్రీలలో ఈ సంఖ్య 14.5; నల్లజాతి స్త్రీలలో 50.3. అనగా మూడు రెట్లకు పైగా. ఇది బీదరికం వల్ల, చదువు లేమి వల్ల అని ఎవరైనా అనవచ్చును. 2019లో అక్కడి ప్రభుత్వ వ్యాధి నివారణ కేంద్రాలు వెల్లడించిన పరిశీలనలో ఆ సమాధానం నిలువలేదు. కళాశాల పట్టం పుచ్చుకొన్న నల్లజాతి స్త్రీలలో ఈ మరణాలు, ఉన్నత పాఠశాల చదువైనా ముగించని తెల్లజాతి స్త్రీలలో కంటె 1.6 రెట్లు ఎక్కువగా ఉన్నవి. చదువు అన్ని కష్టాలనూ తీరుస్తుందని తరగతిలో చెప్పే మనబోటి ఉపాధ్యాయులు ఈ ఒక్క అంకె దగ్గర కొంతసేపు ఆగవలసి ఉన్నది.

దీనికి కారణం వెదకినవారిలో ఆర్లీన్ జెరోనిమస్ అనే విదుషి ఒకరు. 1992లో ఆమె ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించినది. తెల్లవారిలో ఇరవయ్యో పడిలో ఉన్న తల్లుల శిశువులు, ఇరవై ఏండ్లు నిండని తల్లుల శిశువుల కంటె క్షేమంగా ఉంటారు. నల్లజాతిలో ఆ లెక్క తలక్రిందులైనది. అక్కడ తల్లికి వయస్సు పెరిగిన కొద్దీ శిశువుకు ముప్పు పెరిగినది. అవమానము, అభద్రత, ఎడతెగని శ్రమ శరీరాన్ని ముందుగానే అరగదీస్తవని ఆమె ఊహ. దీనికి ఆమె 'వెదరింగ్' అని పేరు పెట్టినది. ఎండకు ఎండి వానకు తడిసి మట్టిగోడ పెచ్చులూడడం మనం చూచినదే కదా. అదే ఇక్కడ మనిషి దేహంలో, గుండెలో, రక్తనాళాలలో జరుగుతుంది. నల్లజాతి తల్లుల మరణాలకు గల కారణాలలో గుండె జబ్బులు ముందు వరుసలో ఉండడం గమనింపదగినది.

ఈ అరుగుదలకు యోగం ఏమి చేయగలదు? భయము, ఆగ్రహము నిత్యమైనప్పుడు గుండె వేగంగా కొట్టుకొంటుంది. 'కార్టిసాల్' వంటి స్రావాలు రక్తంలో ఎక్కువగా చేరుతవి. నిశ్వాసాన్ని దీర్ఘంగా విడిచినప్పుడు 'వేగస్' అనే నాడి ద్వారా గుండె వేగం తగ్గి దేహం విశ్రాంతి వైపు మళ్ళుతుంది. మార్జాలాసనం నడుము నొప్పికి ఉపశమనం ఇస్తుంది. బద్ధకోణాసనం తుంటి కీళ్ళను సడలిస్తుంది. అయితే గర్భిణికి నేర్పే యోగం మామూలు యోగం కాదు. నెలలు నిండిన కొద్దీ వెల్లకిల చాలసేపు పడుకొంటే గర్భాశయపు బరువు క్రింది మహాసిర మీద పడి, గుండెకు చేరే రక్తం తగ్గిపోతుంది. అందుచేత శవాసనం కూడ ప్రక్కకు ఒత్తిగిలి చేయవలెను. కుంభకం పనికిరాదు, పొట్టను మెలిపెట్టే ఆసనాలు పనికిరావు, ఉక్కపోసే గదులలో చేయించే యోగం అసలే కూడదు. ఇబ్బందులు లేని గర్భిణులు వారానికి 150 నిమిషాలు మితమైన వ్యాయామం చేయవలెనని అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల 2020లో చెప్పినది. అందుకు తగినట్లు మార్చిన యోగాన్ని క్షేమమైన వాటిలో చేర్చినది.

యాప్ వల్ల ఒనగూడే సౌకర్యం చిన్నది కాదు. యోగశాలకు రుసుము కట్టనక్కరలేదు, బస్సు ఎక్కనక్కరలేదు. రాత్రి పని ముగించుకొని వచ్చిన తల్లి తన పడకగదిలోనే పది నిమిషాలు అభ్యసించవచ్చును. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. అమెరికాలో యోగం అనగానే పత్రికల అట్టలమీద కనబడుతూ వచ్చినది సన్నని, ధనికురాలైన తెల్ల యువతి. ఆ బొమ్మను చూచి ఇది మనకు కాదని వెనుకకు తగ్గిన నల్లజాతి స్త్రీలు ఎందరో. తెరమీద నేర్పే ఆమె తన రంగు, తన దేహం, తన మాటతీరు కలదైనప్పుడు ఆ జంకు తీరుతుంది. నిజానికి వారికి యోగం కొత్తదేమీ కాదు. 1955లో మాంట్‌గోమరీ పట్టణపు బస్సులో సీటు విడువనన్న రోజా పార్క్స్ యోగాభ్యాసం చేసినది; 1973లో ఆమె యోగం చేస్తూండగా తీసిన ఛాయాచిత్రం అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది.

ఆ మాంట్‌గోమరీ పట్టణానికే మరొక చరిత్ర ఉన్నది. 1840ల నడుమ మారియన్ సిమ్స్ అనే వైద్యుడు అక్కడ బానిస స్త్రీలపై మత్తుమందు లేకుండా శస్త్రచికిత్సలు అభ్యసించినాడు. అనార్కా అనే యువతి మీద ముప్పదిసార్లు! ఆయనను ఆధునిక స్త్రీ వైద్యానికి పితామహుడని పొగిడి న్యూయార్కులో విగ్రహం నిలిపినారు. దానిని 2018లో తొలగించినారు. 2021లో మాంట్‌గోమరీలో అనార్కా, లూసీ, బెట్సీల విగ్రహాలు లేచినవి. ఇదంతా గతమని అనుకొందామా అంటే వీలులేదు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో తెల్లజాతి వైద్య విద్యార్థులను, శిక్షణలో ఉన్న వైద్యులను ప్రశ్నించగా, నల్లవారి చర్మం మందమైనదన్న వంటి అపోహ ఒక్కటైనా ఉన్నవారు వారిలో దాదాపు సగం మంది. నొప్పి అని చెప్పినా వైద్యుడు తక్కువగా తలచడానికి బీజం ఇక్కడ ఉన్నది.

లోకప్రసిద్ధురాలైన టెన్నిస్ క్రీడాకారిణి సెరీనా విలియమ్స్‌కే ఇది తప్పలేదు. 2017 సెప్టెంబరులో శస్త్రచికిత్సతో ఆడశిశువును కన్న మరునాడు ఆమెకు ఊపిరాడలేదు. పూర్వం తన ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టిన అనుభవం ఉండడం చేత, తనకు ఏ పరీక్ష చేయవలెనో, ఏ మందు ఇవ్వవలెనో ఆమెయే చెప్పినది. మందుల మత్తులో ఏదో అంటున్నదని నర్సు అనుకొన్నదట. పట్టుబట్టి పరీక్ష చేయించుకొనగా గడ్డలు కనబడినవి. దేహం లోపలి సూక్ష్మ స్పందనలను ఎరుగుటలో ఆమెను మించిన యోగాభ్యాసి ఎవరు? ఎరుక ఆమెలో పూర్ణంగా ఉన్నది. కొరవడినది ఎదుటివారి చెవి.

యోగం యాప్ మీద నా సందేహమంతా ఇక్కడనే. గర్భిణుల యోగంపై జరిగిన పరిశోధనలు ఎక్కువగా చిన్నవి. వాటిలో పలుచోట్ల దిగులు, ఆందోళన తగ్గినట్లు కనబడినది. ఆ లాభాన్ని తీసివేయరాదు. కాని ప్రసూతి మరణాలను అది తగ్గించినదని రుజువు లేదు. రక్తపు పోటు పెరిగి, తల పగిలిపోతూ, చూపు మసకబారుతూ ఉన్న తల్లికి కావలసినది ప్రాణాయామం కాదు, ఆ క్షణాన వైద్యుడు. అమెరికాలో తల్లులందరికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు దేశీయ చట్టంలో లేదు. 1993 నాటి చట్టం కొందరికి పన్నెండు వారాల జీతం లేని సెలవును మాత్రం ఇచ్చినది. అట్టి చోట 'గాఢంగా శ్వాసించు తల్లీ' అని మాత్రమే చెప్పడమంటే, దేశం మోయవలసిన బరువును కూడ ఆమె తలకే ఎత్తినట్లు. పైగా యాప్‌తో మరొక చిక్కు. ఋతుచక్రాన్ని, గర్భధారణను లెక్కగట్టే ఒక ప్రసిద్ధమైన యాప్ స్త్రీల సమాచారాన్ని బయటి సంస్థలకు అందించినదని ఆ దేశపు వాణిజ్య కమిషను ఆరోపించగా, 2021లో ఆ సంస్థ రాజీకి వచ్చినది. రహస్యం చెప్పుకొన్న చెలికత్తె సంతలో చాటింపు వేసినట్లయినది!

ఫోను వినడానికీ పనికివస్తుందని చూపినవారు లేకపోలేదు. కింబర్లీ సీల్స్ ఆలర్స్ అనే రచయిత్రి 2021లో 'ఇర్త్' అనే యాప్‌ను వెలువరించినది. జననమనే అర్థంగల 'బర్త్' అనే ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం తీసివేయగా మిగిలినది ఆ పేరు. ఆ అక్షరంతోనే మొదలయ్యే 'బయస్', అనగా పక్షపాతం, జననం నుండి తొలగవలెనని భావం. వ్యాకరణం చెప్పుకొనేవారికి ఇట్టి అక్షరలోపం ముచ్చట గొలుపుతుంది. తమను ఏ ఆసుపత్రిలో ఎట్లా చూచినారో తల్లులు అందులో వ్రాస్తారు. తరువాత పోయేవారు చదువుకొంటారు. 2020లో వ్యాధి నివారణ కేంద్రాలు ప్రారంభించిన ప్రచారానికి పెట్టిన పేరు కూడ 'ఆమె మాట వినండి' అనే అర్థం వచ్చేదే. దక్షిణ రాష్ట్రాలలో తరతరాలుగా పురుడు పోసిన నల్లజాతి మంత్రసానులను ఇరవయ్యో శతాబ్దంలో నిబంధనలతో ప్రక్కకు నెట్టివేసినారు. ఇప్పుడు కాన్పుకు తోడుండే 'డూలా'ల రూపంలో ఆ తోడును మరల వెదకుకొంటున్నారు.

గర్భిణీ యోగం అన్న పేరులోనే ప్రసవంతో పాఠం ముగిసే అర్థమున్నది. ముప్పు మాత్రం అక్కడ ముగియడం లేదు. 2017–2019 నడుమ 36 రాష్ట్రాలలో ఇట్టి మరణాలను విచారించగా, నూటికి 53 ప్రసవమైన ఏడవ రోజు మొదలు ఏడాది లోపల సంభవించినవి. మొత్తం మీద నూటికి 80కి పైగా నివారింపదగినవే. తొమ్మిది నెలలు ప్రతి ఉదయం నడుము నొప్పి ఎట్లా ఉన్నదని అడిగిన ఫోను, బాలింత గదిలో అడగవలసినది 'తలనొప్పి ఉన్నదా? ఊపిరి సరిగా ఆడుతున్నదా?' అని. తేడాగా ఉన్నదని ఆమె చెప్పినప్పుడు ఆ మాట ఏ వైద్యుడికి, ఏ నర్సుకు చేరవలెనో, వారి పేరును, నంబరును ఆ తెరమీద ముందుగానే వ్రాసి ఉంచవలెను.