ఒక్క బెల్టు, ఒక స్ప్రింగు

2000ల నాటి షెవర్లే సిల్వరాడో పికప్ బానెట్ ఎత్తి ఇంజను ముందువైపు చూస్తే నల్లటి రబ్బరు పట్టీ ఒకటి కనిపిస్తుంది. ఒక పుల్లీ మీదుగా ఎక్కి, ఇంకోదాని కిందుగా దిగి, మూడోదాన్ని వీపుతో రాసుకుంటూ మెలికలు తిరిగి మళ్లీ మొదటికే చేరుతుంది. అదే సర్పెంటైన్ బెల్టు, మన షెడ్డుల్లో ఫ్యాన్ బెల్టు అనేదానికి వారసురాలు. వెడల్పు రెండు సెంటీమీటర్ల పైచిలుకు, మందం అర సెంటీమీటరు కూడా ఉండదు. ఆల్టర్నేటరు, వాటర్ పంపు, పవర్ స్టీరింగ్ పంపు, మూడూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. దారిలో అది తెగితే ముందు బ్యాటరీ దీపం వెలుగుతుంది, ఆ వెంటనే స్టీరింగు బండరాయిలా బరువెక్కుతుంది, కాసేపట్లో ఉష్ణోగ్రత ముల్లు ఎరుపువైపు నడుస్తుంది. అప్పుడు కూడా బండి ఆపకుండా పోనిస్తే సిలిండర్ హెడ్ వంగిపోతుంది, ఖర్చు బెల్టు ధరకు ఎన్నో రెట్లవుతుంది.

ఇంత పని చేసే ఆ పట్టీని అందరూ చూస్తారు. పక్కనే చిన్న చేయి చాచి, లోపల స్ప్రింగు బిగించుకుని, బెల్టు బిగువును నిలిపే టెన్షనరును పట్టించుకునేవాళ్లు తక్కువ. నా దృష్టిలో బెల్టు సగం యంత్రమే. మిగతా సగం ఆ స్ప్రింగు. ఈ యంత్రం పుట్టుక చూస్తే ఆ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

ఫోర్డ్ మోడల్ టి కారులో రేడియేటరు వెనకాల ఫ్యానును చదునైన బెల్టు తిప్పేది. చదునైన బెల్టు పట్టు అంతా రాపిడిదే. రేవులో పడవవాడు మోకును గుంజకు రెండు చుట్లు చుట్టి, కొసను ఒంటిచేత్తో పట్టుకుని పడవ మొత్తాన్ని నిలబెడతాడే, ఆ సూత్రమే. చుట్టుకున్న కోణం పెరిగేకొద్దీ పట్టు అనేక రెట్లుగా పెరుగుతుందని లియొన్‌హార్డ్ ఆయిలర్ 18వ శతాబ్దంలోనే లెక్కకట్టి చూపాడు. కానీ ఇంజను ముందు భాగంలో రెండు చుట్లకు చోటెక్కడిది? సగం చుట్టే దక్కుతుంది. 1917లో అమెరికాలోని డెన్వర్ నగరంలో గేట్స్ కంపెనీకి చెందిన జాన్ గేట్స్ దీనికి దారి చూపాడు. బెల్టు అడ్డుకోతను ఇంగ్లిషు వి అక్షరం ఆకారంలో చేసి, పుల్లీలోనూ అలాంటి గాడే తీశారు. లాగేకొద్దీ బెల్టు గాడిలోకి చొచ్చుకుపోయి రెండు గోడలనూ నొక్కుతుంది.

లాభం ఎంతో చిన్న లెక్కతో చూద్దాం. రాపిడి గుణకం 0.3 అనుకుని, బెల్టు పుల్లీని సగం చుట్టు చుట్టిందనుకుందాం. చదునైన బెల్టు జారకుండా ఉండాలంటే బిగుతువైపు లాగుడు వదులువైపు లాగుడికి సుమారు రెండున్నర రెట్లు మించకూడదు. గాడి గోడల మధ్య కోణం 40 డిగ్రీలుంటే అదే హద్దు 15 రెట్లు దాటుతుంది. రబ్బరు అదే, చుట్టు అదే, ఆకారం ఒక్కటే మారింది. ఈ 15 రెట్లను గుర్తుంచుకోండి, బెల్టు ఎందుకు పాడవుతుందో చెప్పేటప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

వి-బెల్టుకు ఒక చిక్కుంది. అది మందం. చిన్న పుల్లీ చుట్టూ వంగేటప్పుడు బయటిపొర సాగి, లోపలిపొర నలిగి వేడెక్కుతుంది. వెనక్కి వంచితే త్వరగా పగుళ్లిస్తుంది. అందుకే ఒక్కో బెల్టు రెండు మూడు పుల్లీలకు మించి తిప్పలేకపోయేది. ఏసీ, పవర్ స్టీరింగు, పొగ నియంత్రణకు గాలి పంపు, ఇలా ఇంజను మీద భారాలు పెరిగేకొద్దీ బెల్టులూ ఒకదాని ముందు ఒకటి పేర్చాల్సి వచ్చింది. లోపలిది పాడైతే బయటివన్నీ విప్పాలి. ప్రతిదానికీ బిగువు విడిగా చూసుకోవాలి. ఆల్టర్నేటరు బోల్టు వదులుచేసి, గడ్డపలుగు లాంటి కడ్డీతో వెనక్కి నెట్టి పట్టుకుని, బోల్టు బిగించి, బొటనవేలితో నొక్కి చూడాలి. వదులైతే బెల్టు జారుతుంది, మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. కొత్త బెల్టు కొన్నాళ్లకు సాగుతుంది, మళ్లీ అదే పని.

పరిష్కారం రెండు ఆలోచనల కలయికలో దొరికింది. మొదటిది, ఒక పెద్ద వికి బదులు పలుచని పట్టీ మీద చిన్నచిన్న వి గట్లను పొడుగునా వరసగా పెట్టడం. పట్టు గట్లు ఇస్తాయి, పలుచదనం వల్ల పట్టీ అటూ ఇటూ వంగుతుంది, వీపుతో కూడా పుల్లీని తిప్పగలదు. రెండోది, మనిషి బొటనవేలికి బదులు స్ప్రింగు. ఒక్క బెల్టే అన్నింటినీ తిప్పాలంటే దాని బిగువు ఒక్క నిమిషం కూడా తప్పకూడదు. 1979 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ వి8 ఇంజనుతో ఈ ఏర్పాటు మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత కార్లూ పికప్‌లూ చాలావరకు ఇదే దారి పట్టాయి.

స్ప్రింగు పని ఎంత కష్టమో ఊహించండి. ఇంజను నున్నగా తిరుగుతున్నట్టు మనకనిపిస్తుంది గానీ, సిలిండరు పేలిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్టు ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. నిమిషానికి 600 చుట్లతో ఊరకే నిలబడి ఉన్న వి8 ఇంజనులో అలాంటి కుదుపులు సెకనుకు 40. టెన్షనరు చేయి ప్రతి కుదుపునూ మింగాలి, తాను మాత్రం ఊగిపోకూడదు. అందుకే లోపల స్ప్రింగుతో పాటు రాపిడితో ఊపును చంపే బుష్ కూడా ఉంటుంది. అది అరిగితే చేయి వణకడం కంటికే కనిపిస్తుంది. అలాంటి టెన్షనరును ఉంచి బెల్టు ఒక్కటే మార్చడం సగం వైద్యం.

ఇక రబ్బరు సంగతి. 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన నియోప్రీన్ దశాబ్దాల పాటు బెల్టులకు ఒళ్లిచ్చింది. ముసలిదైతే గట్ల మీద అడ్డంగా పగుళ్లు వచ్చేవి, మెకానిక్కు టార్చి వేసి చూసి చెప్పేసేవాడు. ఇప్పటి బెల్టులు ఈపీడీఎం రబ్బరువి. వేడిని బాగా తట్టుకుంటాయి, లక్షన్నర కిలోమీటర్లు తిరిగినా తరచుగా పగుళ్లు చూపవు. కానీ టైరులా అరుగుతాయి. గట్ల మధ్య లోయలు వెడల్పవుతాయి, బెల్టు గాడిలో కిందికి దిగుతుంది. చివరికి గట్టు కొస గాడి అడుగును తాకుతుంది. గోడలను నొక్కాల్సిన బలం అడుగు మీద పడుతుంది, ఇందాకటి 15 రెట్లు కాస్తా చదునైన బెల్టు స్థాయివైపు జారిపోతాయి. పైకి చూస్తే బెల్టు కొత్తదానిలాగే ఉంటుంది. పగుళ్లు లేవు కదా అని వదిలేయడం ఇప్పుడు చెల్లదు. లోయలో పెట్టి చూసే చిన్న ప్లాస్టిక్ కొలబద్దలు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి, పెద్ద ఖర్చేమీ కాదు.

ఎంచుకోవడం దగ్గరే ఎక్కువ మంది తడబడతారు. బెల్టు వీపు మీద 6 పీకే 2340 అని ఉంటే 6 గట్లు, వాహనాల కొలత, 2340 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. అమెరికన్ కంపెనీ పద్ధతిలో కె060923 అని ఉంటే 06 గట్లు, 92.3 అంగుళాలు. ఒకే సంవత్సరం, ఒకే ఇంజను ఉన్న రెండు పికప్‌లకు బెల్టు పొడవు ఒకటే కావాలని లేదు. ఏసీ ఉందా, ట్రైలరు లాగేందుకు పెద్ద ఆల్టర్నేటరు పెట్టారా అన్నదాన్ని బట్టి మారవచ్చు. 2000ల నాటి సిల్వరాడోల్లో గ్లవ్ బాక్సు లోపల అతికించిన చీటీ మీద ఆ బండికి ఫ్యాక్టరీలో ఏమేం బిగించారో సంకేతాలుంటాయి. ఇంజను సైజు ఒక్కటే చెప్పి బెల్టు కొనేకన్నా దాన్ని చూసి కొనడం మేలు. ఆ బండ్ల వి8 ఇంజన్లలో ఏసీ కంప్రెసరుకు నాలుగు గట్ల చిన్న బెల్టు విడిగా ఉంటుంది. దాన్ని తీయాలంటే ముందు పెద్దదాన్ని తీయాలి, కాబట్టి రెండూ ఒకేసారి మార్చుకోవడమే తెలివి. పొడవులో ఒక అంగుళం తేడా వచ్చినా టెన్షనరు చేయి తన హద్దుల చివరకు చేరిపోవచ్చు.

మార్చే పని ఓపికగా చేస్తే అరగంటది. ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయాలి. బానెట్ కింద అతికించిన దారి బొమ్మ చూడాలి. అది చెరిగిపోతే పాత బెల్టు ఉండగానే ఫోటో తీసుకోవాలి. పొడుగు పిడి ఉన్న పానాతో టెన్షనరును తిప్పి, పైన చేతికందే నున్నటి పుల్లీ మీంచి బెల్టు జార్చాలి. చేయిని ఒక్కసారిగా వదిలేయకూడదు, స్ప్రింగు దెబ్బ వేళ్లకు తగులుతుంది.

బెల్టు లేని ఆ కాసేపు చాలా విలువైనది. ప్రతి పుల్లీని చేత్తో తిప్పి చూడండి. ఏ పరికరాన్నీ తిప్పకుండా బెల్టు దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీ గరగరమంటే బేరింగు అయిపోయినట్టే. వాటర్ పంపు ఇరుసు పక్కలకు ఊగినా, దాని కింద కూలెంటు చార ఎండి కనిపించినా కొత్త బెల్టు వేసి ప్రయోజనం లేదు. నూనె కారుతుంటే ముందు దాన్ని ఆపాలి, నూనె ఈ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. కొత్తది వేసేటప్పుడు గట్లున్న వైపు గాడులకు, నున్నటి వీపు నున్నటి పుల్లీలకు. అన్నిటికీ తొడిగాక ప్రతి పుల్లీ అంచునూ వేలితో తడమాలి. ఒక గట్టు గాడి తప్పి బయట కూర్చుంటే కంటికి దొరకదు గానీ వేలికి దొరుకుతుంది. కాసేపు ఇంజను నడిపి, ఆపి, మళ్లీ తడమాలి.

శబ్దం వస్తుంటే గట్ల వైపు కాసిని నీళ్లు చిలకరించి వినండి. పిచ్చుక కిచకిచలాంటి సద్దు ఆగి మళ్లీ మొదలైతే ఏదో పుల్లీ వరస తప్పింది. కీచుమనే అరుపు నీళ్లకు ఇంకా పెరిగితే బెల్టు జారుతోంది, తప్పు బిగువుది. బెల్టు మీద చల్లే జిగురు స్ప్రేలు మాత్రం వద్దు. అవి శబ్దాన్ని దాచి జబ్బును ఉంచేస్తాయి.

ఇప్పుడు బెల్టు మీది భారాలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. 2011 నుంచి ఫోర్డ్ ఎఫ్-150లో చాలా ఇంజన్లకు స్టీరింగు కరెంటు మోటారుకు మారింది. కానీ 2019 ర్యామ్ 1500లో ఈ-టార్క్ పేరుతో బెల్టుకు కొత్త ఉద్యోగం దొరికింది. ఆల్టర్నేటరు స్థానంలో 48 వోల్టుల మోటారు-జనరేటరు వచ్చి, సిగ్నలు దగ్గర ఆగిన ఇంజనును బెల్టు ద్వారానే తిరిగి లేపుతుంది. అంటే ఇంజను బెల్టును లాగడమే కాదు, బెల్టు కూడా ఇంజనును లాగుతుంది. లాగేది మారిన క్షణంలో బిగుతువైపు వదులవుతుంది, వదులువైపు బిగుస్తుంది. ఒకవైపే నొక్కే పాత స్ప్రింగు దీనికి చాలదు, రెండు వైపులా బిగువు నిలిపే ఏర్పాటు ఉండాలి. అలాంటి బండి అయితే కంపెనీ మాన్యువల్ చెప్పిన వరసలో 48 వోల్టుల వ్యవస్థను నిలిపివేశాకే పానా పట్టుకోవాలి.