ఏడు బిందెల నీళ్లు కొండను ఎలా నెడతాయి?

బీదర్ కోట కందకంలోకి తొంగిచూసిన వాళ్లకు వచ్చే సందేహం ఒకటే. ఇంత నిటారుగా చెక్కిన గోడలు ఇన్నాళ్లూ ఎలా నిలిచాయి? 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. అప్పటి కోట చుట్టూ ఉన్న కందకం ఒకచోట మూడు పాయలుగా ఉంటుంది. పాయల మధ్య గోడలు కట్టినవి కావు, తవ్వేటప్పుడు వదిలేసిన కొండరాయే.

ఆ రాయి లాటరైట్, అంటే ఎర్రరాయి. తేనెపట్టులా ఒళ్లంతా చిల్లులు. దాని కింద బసాల్ట్ అనే నల్లరాయి ఉంది. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా, పొర మీద పొరగా గడ్డకట్టింది. ఆ నల్లరాయే పైభాగంలో లక్షల ఏళ్లు నాని, చివికి ఎర్రరాయి అయింది. రెండింటి మధ్య చాలాచోట్ల మెత్తటి బంకమన్ను ఉంటుంది. జహీరాబాద్ వైపు వాళ్లకూ ఈ నేల తెలిసిందే.

కొండ బరువుకే కింది రాయి నలిగిపోదా? లెక్క వేద్దాం. ఘనమీటరు ఎర్రరాయి రెండు టన్నులు అనుకుంటే, 30 మీటర్ల మందం కింద బొటనవేలి గోరంత చోటు మీద, అంటే చదరపు సెంటీమీటరు మీద, పడేది 6 కిలోలు. ఇళ్లకు వాడే ఎర్రరాయి దిమ్మె అంతే చోటు మీద కనీసం 35 కిలోలు ఓర్చుకోవాలని మన ప్రమాణాలు చెబుతాయి. గట్టి నల్లరాయి వెయ్యి కిలోలు దాటినా చెక్కుచెదరదు. కాబట్టి రాయి నలగడం అరుదు, బీటల వెంట జారడమే ఎక్కువ.

బీటలు ఎక్కడివి? లావా చల్లారి కుంచించుకున్నప్పుడు నిలువుగా పగిలింది. పొరకీ పొరకీ మధ్య అడ్డంగా మరో సందు. రెండూ కలిస్తే కొండ దిమ్మెల పేర్పు అవుతుంది. పొడి గరుకు బీట మీద దిమ్మె జారాలంటే వాలు 30 డిగ్రీలు దాటాలి. తడి బంకమన్ను చేరితే 12 డిగ్రీలు చాలవచ్చు. అది అయిదడుగులకు ఒక అడుగు ఎత్తు, మన వాకిట్లో బండి ఎక్కించే వాలు.

అసలు చిక్కు నీటిది. 10 మీటర్ల లోతు, సెంటీమీటరు వెడల్పున్న నిలువు బీటలో మీటరు పొడవుకు పట్టేది 100 లీటర్లు, ఏడు బిందెల లోపే. నిండాక అది పక్క రాయిని 50 టన్నుల బలంతో నెడుతుంది. నమ్మశక్యంగా లేదా? నీటి ఒత్తిడికి లోతుతోనే పని, వెడల్పుతో కాదు. బీట అర సెంటీమీటరే అయినా నెట్టు అంతే.

కందకం నిలవడానికి నా లెక్కలో పెద్ద కారణం, చిల్లుల రాతిలో నీరు నిలవకపోవడం. దిగిన నీరు బంకమన్ను దగ్గర ఆగి పక్కకు ఊరుతుంది. బీదర్‌లోనే ఉన్న గురునానక్ ఝీరా ఊటను చూడండి. ఝరణీ నరసింహ స్వామి సొరంగంలో భక్తులు సుమారు 300 మీటర్లు నడుం దాటిన నీటిలో నడుస్తారు. అయితే ఊట బంకమన్నును తోడేసిన కొండ అంచుల్లో, పైనున్న దిమ్మెలకు ఆసరా పోతుంది.

ఇలా దిమ్మెలు జారడం వేరు, 1993 సెప్టెంబర్ 30 నాటి కిల్లారి (మహారాష్ట్ర) భూకంపం వేరు. అక్కడ కదిలింది నల్లరాతి పొరల అడుగునున్న పాత రాయి.

ఇంటి వెనక గట్టు ఉన్నవాళ్లు వానలకు ముందు అంచుకు సమాంతరంగా బీటలు పడ్డాయేమో చూడండి. ఉంటే బీట నోటిని మట్టితో గట్టిగా దట్టించి, వాన నీటిని దూరంగా మళ్లించండి. అడ్డుగోడ కడితే అడుగున బయటికి వాలుగా పైపులు పెట్టించండి. సిమెంటుతో మూసేస్తే గోడ వెనక నీరు నిలుస్తుంది.